మనకంటే ముందు వెళ్ళిన టికెట్లు

రైలు వచ్చే వేళయింది. స్టేషన్ గేటు దగ్గర భర్త జేబులన్నీ తడుముకుంటున్నాడు. పెట్టె మీద కూర్చున్న భార్య అప్పుడే ఫోన్ పెట్టేసింది.

“ఇక వెతక్కండి. టికెట్లు దొరికాయి.”

“హమ్మయ్య! ఎక్కడ?”

“మా అమ్మవాళ్ళింట్లో. ఇప్పుడే కొరియరతను ఇచ్చి వెళ్ళాడట. అమ్మ పదిలంగా బీరువాలో పెట్టింది.”

“మనం వెళ్ళాల్సిన ఊరికి మన టికెట్లు ముందే ఎలా వెళ్ళాయే?”

“నన్నడుగుతారేం? ఇక్కడే టికెట్ మిషన్లో తీసుకుందామంటే, క్యూలో నిలబడటం మీకు నామోషీ అయింది. మహారాజుగారికి ఇంటికి తెచ్చివ్వాలి!”

“ఇంటికొచ్చేశాయి, జేబులోనే పెట్టుకున్నాననుకున్నాను. ఫోన్లో బుక్ చేసేటప్పుడు అడ్రసు అడిగితే చెయ్యి అలవాటుగా మీ అమ్మవాళ్ళదే కొట్టేసినట్టుంది. నువ్వు అలిగి వెళ్ళినప్పుడల్లా చీరలు అక్కడికేగా పంపాను.”

“ఓహో, చివరికి తప్పు నాదన్నమాట!”

“పోనీలే, కౌంటర్లో మళ్ళీ రెండు కొంటాను.”

“ఒకటి చాలు. రేపు అమ్మకి కంటి ఆపరేషన్, నేను వెళ్ళక తప్పదు. వెళ్ళగానే బీరువాలోంచి తీసి మీ టికెట్టు మీకు కొరియర్ చేస్తాను.”

“అది నాకు అందేసరికి ఈ రైలు ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది కదా?”

“అందుకేగా పంపేది.”