పాత చిరునామాలు

బడి కొత్త వెబ్‌సైట్ మర్నాడే మొదలవుతుంది. దాన్ని తయారుచేసిన పూర్వ విద్యార్థిని పక్కన మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“పాత వెబ్‌సైట్ పేజీల చిరునామాలన్నీ కొత్తదాని మొదటి పేజీకి మళ్ళించేశాను మాస్టారూ. ఒక్క లైనుతో అయిపోయింది.”

“మా ఆవిడ అందులో పెట్టిన లెక్కల పాఠాలవి కూడానా?”

“అవి కొత్తచోట భద్రంగానే ఉన్నాయి. వెతికితే దొరుకుతాయి.”

“పిల్లలెందుకు వెతకాలమ్మా? ప్రతి నోటుబుక్కు అట్ట మీదా తను చేత్తో రాసిచ్చిన చిరునామాలవి. ఏది కొడితే ఆ పాఠమే రావాలి.”

“నూట నలభై పాఠాలు! ఒక్కోదానికీ విడిగా లైను రాయాలి. హెడ్మాస్టరుగారు అక్కర్లేదన్నారు.”

“ఆ మాట నా ఎదురుగా అనమను. మనిషి పోయిందంటే ఒప్పుకున్నాను. పాఠం పోయిందంటే ఒప్పుకోను. నేను చదువుతాను, నువ్వు కొట్టు.”

“సరే, మొదటిది చెప్పండి.”

“భిన్నాలు. నీకు బొత్తిగా రానివి.”

“వచ్చు మాస్టారూ. టీచరుగారు నేర్పించేదాకా వదిలారా?”