అడగకముందే పడిన దెబ్బ

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టీమ్ లీడ్ దత్తాత్రేయ కొట్టిన చెంపదెబ్బకి శరత్‌చంద్ర పెదవి చిట్లింది. దత్తాత్రేయ గోడకేసి కొట్టిన కీబోర్డు ముక్కలు నేల మీద చెల్లాచెదురుగా పడున్నాయి.

"పొద్దున్న పాసైన టెస్టు ఇప్పుడు ఫెయిలైందంటే, కోడ్ నువ్వు తగలేసినట్టే కదరా!" అని అరిచాడు దత్తాత్రేయ.

"కోడ్ బానే ఉంది సార్. టెస్టు పది రికార్డులు రాసి, వెంటనే ఎన్నున్నాయని అడుగుతోంది. సిస్టమ్‌కి ఆ లెక్క ఒక్కోసారి కాస్త ఆలస్యంగా అందుతుంది. ఈలోపు అడిగితే సున్నా అంటుంది."

"రాసిన లెక్క అందకపోవడమేంట్రా?"

"బ్యారేజీ దగ్గర నీళ్ళొదిలిన క్షణానే కంకిపాడు కాలవ నిండుతుందా సార్? ఇదిగో, ఏమీ మార్చకుండా మౌస్‌తోనే మళ్ళీ నడిపాను."

ఈసారి టెస్టు పాసైంది. దత్తాత్రేయ అరచెయ్యి ఇంకా చురచురమంటూనే ఉంది.

"మరి దీన్నెలా బాగుచేస్తావ్?" అన్నాడు గొంతు తగ్గించి.

"సున్నా కనబడగానే తప్పనకుండా, అయిదు సెకన్ల దాకా మళ్ళీ మళ్ళీ అడిగేలా రాస్తాను. అప్పటికీ రాకపోతేనే తప్పు."

"అయిదు సెకన్లు సరిపోతాయా?"

శరత్‌చంద్ర రుమాలుతో నెత్తురు తుడుచుకున్నాడు.

"టెస్టుకి సరిపోతాయి. ఆ పాడు టెస్టైనా తప్పనే ముందు ఒక్కసారి అడిగింది సార్. మీరు అదీ అడగలేదు."