జడావ్‌బెన్ చెంబు

దిగుడుబావి గురించా? ముందు నిన్నెవరు పంపారో చెప్పు. ఫొటోలకా? హుఁ. ఫొటోలకొచ్చినదానివి జడావ్‌బెన్ పేరెందుకు తీశావే? ఆ ఇంటి పిల్లవేమన్నానా? కాదూ... సరే, కూర్చో. మెట్లు నూటపదంటారు. మా అత్త చెప్పేదిలే, ఆవిడ మాటల్లో సగం కోతలే.

ఊళ్ళో జైనుల ఇల్లు జడావ్‌బెన్ వాళ్ళదొక్కటే. మేమంతా మోకాళ్ళదాకా దిగి ముంచుకునేవాళ్ళమా, ఆవిడ మాత్రం నీళ్ళకి కాలు తగలనిచ్చేది కాదు. ఇంటికెళ్ళి రెండు మడతల గుడ్డలో వడకట్టేదట. మర్నాడు పొద్దున్నే చిన్న చెంబుతో వచ్చి, అటూ ఇటూ చూసి, బావిలో మెల్లిగా వంచేది. రోజూ! నీకైతే అనుమానం రాదూ? ఓ ఏడు సగం ఊరికి నారికురుపులు. కాల్లోంచి దారంలా పురుగొస్తే పుల్లకి చుట్టి రోజుకింత లాగాలి. మా ఆయన మంచం దిగితే ఒట్టు, సజ్జ కోతలేమో మీద పడ్డాయి. ఆవిడింట్లో ఒక్కరికీ లేదు. "ఏదో కలుపుతోంది" అన్నాను. ఆఁ, అన్నది నేనే. ఊరిపెద్ద అదే పట్టుకున్నాడు: "రళియాత్ కళ్ళారా చూసిందట, ఇంకేం కావాలిరా?" అని. మెట్టు తొక్కొద్దన్నారు ఆవిణ్ణి. ఏడవలేదు తల్లీ. "నన్ను రానివ్వకపోతే మానె, ఈ చెంబైనా ఎవరన్నా వంచండర్రా. ఏ నీళ్ళ జీవాలు ఆ నీళ్ళకే చేరాలి, లేకపోతే పాపం" అంది. ఎవరు ముట్టుకుంటారు? మూడోనాటికి తాళం. కోడల్నీ మనవల్నీ బండెక్కించుకుని ఎటు పోయిందో. తర్వాత డాక్టరొచ్చి, కురుపు కాళ్ళతో దిగితే పురుగు నీళ్ళలో చేరుతుంది, ఆ నీళ్ళు తాగితే వచ్చే జబ్బిది, గుడ్డలో వడకట్టుకుంటే రాదు అన్నాడు. "వడకట్టుకునేవాళ్ళే లేరా ఈ ఊళ్ళో?" అనడిగాడు. 

అలా చూడకు. తెలీక అన్నానంటావా? ఊళ్ళో అందరూ అదే అంటారు, నేనూ అననిస్తాను. తెలీకేం. అంతకు ముందే ఓ రోజు మెట్ల మీద ఆ చెంబు నా ముందు పెట్టింది. "గుడ్డలో చిక్కాయి రళియాత్, ఎంత చిన్న ప్రాణులో చూడు" అంది. చూశాను. నలకల్లా గెంతుతున్నాయి. విషమూ లేదు, మంత్రమూ లేదు. కానీ మా ఆయన మంచంలో కేకలు పెడుతుంటే, గోడవతల ఆవిడ మనవలు పరుగులు పెడుతూ ఆడుకుంటుంటే... కడుపు మండింది. అంతే.

ఎండెక్కుతోంది. నీ బస్సెన్నింటికే?