ఖాలా గిన్నె

దబీర్‌పురాలోని అత్తింటికి కాపురానికొచ్చి నెల కాలేదు. పక్కింటి ఖాలా రంజాన్ పండుగకు షీర్ ఖుర్మా పాయసం పంపిన గిన్నెను కొత్త పెళ్లికూతురు పొద్దున్నే తిరిగిచ్చి, ఆ సంగతి మురిసిపోతూ భర్తకు చెప్పింది.

“గిన్నె ఖాళీగ పంపొద్దని మీరే అన్నరు కద! అందుకే అందుల సువార్త కరపత్రం పెట్టిన.”

“కాగితమా? తినేదేం పెట్టలేదా?”

“దేవుని మాట కంటే తియ్యటిది ఏముంటది?”

“అయ్యో పిల్లా! మా అమ్మ బతికినన్నాళ్లు ఆ గిన్నెల గారెలే పెట్టి పంపింది. యేసయ్య మాట తనంతట ఏనాడూ ఎత్తలే. అమ్మ పోయిననాడు ఖాలా మనింట్ల కూసొని ప్రార్థనంతా విన్నది. ‘మీ అమ్మను గంత మంచి మనిషిని చేసిన యేసు గురించి చెప్పు బేటా’ అని తనే అడిగింది.”

ఎన్నడూ చూడని అత్తమ్మ ఆమెకు కొండంత కనిపించింది.

“ఇగ ఖాలా మనతోని మాట్లాడదా?”

“ఫికర్ చెయ్యకు. నేను పోయొస్త.”

కాసేపటికి అతను అదే ఖాళీ గిన్నెతో నవ్వుకుంటూ వచ్చాడు.

“ఖాలాకు కోపమొచ్చిందా?”

“‘కాగితం మనవరాలితోని చదివించుకున్న, మంచిగుంది. మరి గారెలేవి?’ అన్నది.”

ఆమె పకపకా నవ్వి మినప్పప్పు డబ్బా అందుకుంది.

“అత్తమ్మ గారెలల్ల అల్లం వేసేదా, వేయకపోయేదా? గది చెప్పుండ్రి ముందు!”