సంతకం కింద చిరునామా

1926లో, ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న డమాస్కస్‌లో అక్క ఇంట తలదాచుకుంటున్న బహీజా హానుమ్ దగ్గరికి ఒక ఫ్రెంచి ఆవిడ వచ్చింది.

“కాఫీ ముట్టుకోలేదేం మదాం? విషం కలిపాననా?”

“అడిగింది ఒప్పుకునేదాకా అతిథి తాగకూడదటగా, హానుమ్?”

“మా ఆచారాల కూపీ కూడా లాగారన్నమాట! ఆ కాగితం ఏమిటి? మా పేర్లు మీ సైన్యానికి అందించడానికా?”

“కాదండీ. ఆడవాళ్ళకి ఓటు ఇమ్మని అర్జీ.”

“మా ఓటు మేం అడుగుతాం. మధ్యలో మీ పెత్తనమేంటి?”

“మీకు కాదు, మాకు. పారిస్‌లో మాకూ లేదు. దేశదేశాల ఆడవాళ్ళ సంతకాలు పోగుచేస్తున్నాం.”

“అయ్యో రాత! మమ్మల్ని ఏలేవాళ్ళ ఇంట్లోనూ ఇదే గతా? కలం ఇవ్వండి.”

“కింద చిరునామా కూడా రాయాలి.”

“రాశాను. ‘మీ ఫిరంగులు కూల్చిన ఇల్లు, డమాస్కస్.’”

“‘కూలిన ఇల్లు’ అంటే చాలదా?”

“దానంతటదే కూలిందా మదాం? నేను రాసింది ఒప్పుకుంటే తాగండి, చల్లారిపోతోంది.”