నోలా కంప్యూటర్‌కి నా కాపలా

ఆ మౌస్ ముట్టుకోకు అమ్మడూ. చెయ్యి తియ్యి ముందు. తెర నల్లగానే ఉంటుంది, ఉండనీ. అది పనిలో ఉంది. దాని ఫ్యాను చప్పుడు వినపడట్లేదూ? ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చో, బిస్కెట్ తీసుకో. ఎవరి పనంటే ఏం చెప్పను, నోలా పని. నోలా ట్రెగెన్నా అని, పక్కింటావిడ. నీకు గుర్తుండదులే, ఆవిడ పోయేటప్పటికి నువ్వు పాలపళ్ళ పిల్లవి. ఇప్పుడా ఇంట్లో ఉన్నవాళ్ళు గులాబీలన్నీ పీకేసి కాంక్రీటు పోశారు. పోనీలే, వాళ్ళ ఇల్లు వాళ్ళిష్టం. ఆవిడ ఈ పీటర్‌బరోలోనే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసేది. ఊళ్ళో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారో అంతా తెలుసు, ఒక్క ముక్క బయటికి పొక్కనిచ్చేది కాదు. నేను ఆవిడ చుట్టూ తిరుగుతున్నానని జనం అనుకునేవాళ్ళు. అనుకోనీ. నేనూ అదే అనుకునేవాణ్ణి, ఆవిడే అనుకోలేదు.

ఏం చెప్తున్నాను? ఆ, ఈ కంప్యూటర్ చేసే లెక్కలు. నోలా మొగుడు రే అని, నాతోపాటే రైళ్ళు నడిపేవాడు. వాడికి నరాల జబ్బొచ్చింది. ముందు చేతులు పోయాయి, తర్వాత కాళ్ళు, చివరికి మింగడం. మందు లేదన్నారు డాక్టర్లు. "లేదంటే ఏంటి, ఎవరూ వెతకట్లేదా?" అందిట నోలా. వెతుకుతున్నారమ్మా, ఆ లెక్కలే తెమలట్లేదు అన్నారట. తెమలకపోతే నేను చేసిపెడతా అంది. నవ్వకు, అప్పుడు నేనూ ఇలాగే నవ్వాను. సంగతేంటంటే, ఆ పరిశోధన చేసేవాళ్ళ దగ్గర కొండంత లెక్క ఉంటుంది. దాన్ని ముక్కలు చేసి, సరే అన్నవాళ్ళ ఇళ్ళకి పంపుతారు. మన కంప్యూటర్ ఊరికే కూర్చున్నప్పుడు ఆ ముక్క చేసి వెనక్కి పంపేస్తుంది. వాళ్ళు పైసా ఇవ్వరు, కరెంటు మనదే. "ముక్కూమొహం తెలియనివాళ్ళకి వెట్టిచాకిరీ ఏంటి నోలా" అంటే, "నువ్వు జీవితమంతా రైల్లో ఖనిజం మోశావు కదా మెర్వ్, ఆ గనివాళ్ళ ముక్కు ఎలా ఉంటుందో చెప్పు" అనేది. ఆవిడతో వాదించడం నా తరమా. రే పోయినప్పట్నుంచి ఆ పని ఆపింది లేదు. ఎండలు మండిపోయే రోజుల్లో తను చెమటలు కక్కుతూ, టేబుల్ ఫ్యాను మాత్రం కంప్యూటర్ వైపు తిప్పేది.

తర్వాత ఆ పాత సిస్టమ్‌కి కాలం చెల్లిందన్నారు, ఇక దానికి మరమ్మతులు ఉండవన్నారు కంపెనీవాళ్ళు. సరేనని నోలా కొత్త కంప్యూటర్ కొంది. అట్టపెట్టె విప్పకుండానే ఆయాసం ముదిరి ఆస్పత్రిలో పడింది. తాళంచెవి నా చేతిలో పెట్టి, "పాతది ఇవాళో రేపో అన్నట్టుంది మెర్వ్, నాలాగే. కొత్తదాంట్లో పెట్టు. రే పని ఆగకూడదు" అంది. నేనేమన్నానో తెలుసా? "ఓస్, అదెంత. అంతంత డీజిల్ ఇంజిన్లు నడిపినవాణ్ణి" అన్నాను. గొప్పలకి పోయి గోతిలో పడ్డం అంటే అదే.

కొత్తది తెరిస్తే అన్నీ రంగురంగుల పలకలు. ఆ పాత స్టార్ట్ బొత్తాం ఏదీ? లేదు. ఎక్కడ మొదలెట్టాలో తెలీదు, ఎలా ఆపాలో అంతకన్నా తెలీదు. మొదటిరోజు గోడ దగ్గర స్విచ్ కట్టేసి ఇంటికొచ్చాను. రెండోరోజు నోలా పాత సీడీ పెడితే, ఇది నాకు పడదు పొమ్మంది. కొత్త సిస్టమ్‌కి కొత్త ప్రోగ్రాం నెట్‌లోంచి దింపుకోవాలని తెలుసుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. దింపానా, "ఈ ప్రోగ్రాం మీ కంప్యూటర్‌లో మార్పులు చెయ్యొచ్చా?" అని అడిగింది. పరాయివాళ్ళ సొత్తాయె, మార్పులు చేస్తే నోలా ఊరుకుంటుందా? బుద్ధిమంతుడిలా వద్దన్నాను. మళ్ళీ అడిగితే మళ్ళీ వద్దన్నాను. అలా పొద్దుగూకింది. చివరికి దేవుడిమీద భారం వేసి సరే అంటే, చక్కగా ఎక్కి కూర్చుంది. నోలా పేరూ పాస్‌వర్డూ కొడితే ఆవిడ పెట్టుకున్న పద్ధతులన్నీ వాటంతటవే వచ్చేశాయి. నా భుజం నేనే తట్టుకుని టీ పెట్టుకొచ్చానా, వచ్చేసరికి కంప్యూటర్ నిద్రపోయింది. కొత్తవాటికి ఆ జబ్బుందిలే. వెతికి వెతికి ఆ నిద్రా మాన్పించాను.

ఇక చూడు నా తెలివి. ఇంజిన్లో మాకో బొత్తాం ఉంటుంది. డ్రైవరు మేలుకునే ఉన్నాడని తెలియడానికి దాన్ని నొక్కుతూ ఉండాలి. నొక్కలేదో, వీడు చచ్చాడో నిద్రపోయాడో అనుకుని బండి దానంతటదే ఆగిపోతుంది. జన్మంతా అది నొక్కిన చెయ్యి కదా, ఊరుకోదు. కంప్యూటర్ ముందు కూర్చుని మౌస్ తడుతూ ఉండేవాణ్ణి, ఆగిపోకుండా. తట్టినప్పుడల్లా తెర మీద ఒకటే మాట, "పని ఆగింది, కంప్యూటర్ వాడకంలో ఉంది." వాడకంలో ఉందిట. ఎవడు వాడుతున్నాడు? గదిలో నేనూ, నోలా పిల్లి పాస్టీ. ఆ పిల్లి నేను వచ్చేదాకా కంప్యూటర్ డబ్బా మీద పడుకుని ఉండేది, నన్ను చూడగానే దూకి పోయేది. అది కాదంటే మరి ఎవడో దొంగ అనుకున్నాను. వెనక తలుపుకి తాళం మార్పించాను. ఎదురింటావిణ్ణి పట్టుకుని "నోలా ఇంట్లోకి ఎవరైనా పోతున్నారా" అని అడిగితే, "పోతున్నారు, నువ్వే" అంది. అయినా బుర్రకెక్కలేదు. ఫ్లాస్కులో టీ పోసుకుని, దొంగ దొరికేదాకా లేవనని కాపలా కూర్చున్నాను.

ఆస్పత్రికి వెళ్తే నోలా మొదటి మాట అదే, "నడుస్తోందా?" గుర్రంలా నడుస్తోందనేవాణ్ణి. ఇంకేమంటాను, ముక్కులో గొట్టాలు పెట్టుకుని, మనిషి రోజురోజుకీ దుప్పట్లో కలిసిపోతుంటే? అక్కడా కాపలా నేనే. మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. ఆవిడ కళ్ళు మూసిందంటే చాలు, చెయ్యి మీద తట్టేవాణ్ణి. "ఏంటయ్యా" అని ఉలిక్కిపడి లేచేది. ఏం లేదు నోలా, ఉన్నావో లేదో అని. మళ్ళీ కళ్ళు మూసేది, మళ్ళీ తట్టేవాణ్ణి.

ఒకరోజు, "పాస్టీ ఎక్కడ పడుకుంటోంది?" అంది. డబ్బా మీద, కానీ నేనంటే దానికి గిట్టదు, వెళ్ళగానే దిగిపోతుంది అన్నాను. "నువ్వు వెళ్ళి ఏం చేస్తావు?" కాపలా కాస్తా, మధ్యమధ్య మౌస్ తడతా అన్నాను. నా మొహంలోకి చూసి నవ్వడం మొదలెట్టింది చూడు, దగ్గు తెరలు, గొట్టం ఊడొచ్చింది, నర్సు పరిగెత్తుకొచ్చి నన్ను తిట్టింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది మెర్వ్. మనిషి ముట్టుకుంటే అది పని చెయ్యదయ్యా. ఉత్తరాలు రాసుకునేటప్పుడు నాకు అడ్డం రాకూడదని నేనే అలా పెట్టుకున్నాను. మనం చెయ్యి తీసి కాసేపు వదిలేస్తే దాని పని అది చేసుకుంటుంది. పాస్టీ దాని మీద పడుకుందంటే వెచ్చగా ఉందని. వెచ్చగా ఉందంటే లెక్కలు నడుస్తున్నాయని. నువ్వొచ్చి తట్టేదాకా." ఆ దొంగని నేనేనన్నమాట. నా మీద నేనే తాళం మార్పించుకున్నాను. ఇంత నవ్వడం రే పోయాక ఇదే అంది ఆవిడ. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

కాస్త ఊపిరి తీసుకుని, నేను పట్టుకున్న చెయ్యి మెల్లిగా తప్పించుకుంది. "వెళ్ళు. వెళ్ళి కిటికీ బయట నించుని చూసి రా. లోపలికి పోకు, ముట్టుకోకు" అంది. మెయిన్ స్ట్రీట్ అంతా ఎండలో నడుచుకుంటూ వెళ్ళి గులాబీల మధ్య నిలబడ్డాను. కిటికీ దోమతెరలోంచి వినపడింది కంప్యూటర్ ఫ్యాను, ఇదిగో ఇప్పుడు వినపడుతోందే, ఇలాగే. డబ్బా మీద పాస్టీ నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకుంది. అంటే నేను గుర్రంలా నడుస్తోందని చెప్పిన అబద్ధాలన్నీ, నేను ఇంట్లో లేనంతసేపూ, నిజాలేనన్నమాట. ఎంత హాయిగా అనిపించిందో. వచ్చే దారిలో బేకరీలో ఆవిడకిష్టమైన క్రీమ్ బన్ను కూడా కొన్నాను.

గది బయట ఆ నర్సే నించుని ఉంది, నన్ను తిట్టిన మనిషి. "ఇప్పుడే పోయింది మెర్వ్" అంది. నేను వచ్చేదాకా ఆగలేకపోయిందా అన్నాను. "కొంతమంది అంతే. మనిషి పక్కన కూర్చున్నంతసేపూ వెళ్ళరు. ఎవరూ లేకుండా చూసుకుని వెళ్తారు" అంది. చేతిలో బన్ను కాగితంలోంచి క్రీమ్ కారుతోంది. ఎన్ని రోజులు తట్టి తట్టి లేపానో ఆవిణ్ణి.

కంప్యూటరా? అప్పటిది కాదు, ఇది మూడోదో నాలుగోదో. సిస్టమ్ మారినప్పుడల్లా నేనే ఎక్కిస్తున్నా. మార్పులు చెయ్యొచ్చా అంటే చెయ్యి తల్లీ అంటున్నా. పేరు మాత్రం నోలాదే, ముక్క పూర్తయినప్పుడల్లా నోలా ట్రెగెన్నా చేసిందనే వెళ్తుంది. మందా? ఇంకా లేదు. వెతుకుతున్నారు. ఒక్క మాట అమ్మడూ. రేపెప్పుడో నేనూ ఆ ఆస్పత్రిలో పడుకుంటాను కదా, మీ అమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది, నా కూతురి సంగతి నాకు తెలుసు. మధ్యలో ఒకసారి టీకి వెళ్ళి రమ్మని చెప్పు దానికి.

ఊఁ. ఆ బిస్కెట్ల డబ్బా మూత పెట్టు, చీమలు పడతాయి.