తియ్యంగనే చేతికొచ్చే ఫోటో

పుష్పాబాయికి ఫోటోలు తీసేవాళ్ళ మాట మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. పెద్దబిడ్డ పెండ్లికి పట్నం నుంచి ఒకణ్ణి పిలిపించారు. వాడు తండా అంతా కలియదిరిగి టకటకా ఫోటోలు కొట్టాడు. కెమెరా వెనకాల ఉన్న చిన్న అద్దంలో ఆమె, ఆమె మొగుడు మంగ్త్యా పక్కపక్కన నిలబడ్డ ఫోటో కూడా చూపించాడు. మంగ్త్యా అది చూసి సిగ్గుపడి తల తిప్పుకున్నాడు. ఆల్బం ఇవాళ ఇస్తా, రేపు ఇస్తా అని తిప్పీ తిప్పీ, చివరికి కంప్యూటర్‌కు వైరస్ పట్టింది, ఫోటోలన్నీ పోయినయ్ అని చేతులు దులుపుకున్నాడు. ఆ ఏడే మంగ్త్యా గుండెనొప్పితో పోయాడు. మొగుడూ పెండ్లాలు కలిసి దిగిన ఫోటో ఆ ఇంట్లో ఒక్కటీ లేదు.

ఇప్పుడు చిన్నబిడ్డ స్రవంతి పెండ్లి కుదిరింది. మరిది రెడ్యా ఒక కబురు మోసుకొచ్చాడు. "వదినా, హుజూర్‌నగర్ల జవహర్ అని ఒకాయన ఉన్నడు. తియ్యంగనే చేతికొచ్చే ఫోటో తీస్తడట. ఫోన్ల వేలకు వేలు ఫోటోలున్న పోరగాండ్లు గూడ ఆ ఫోటో ముక్క కోసం ఎగబడుతున్నరట. సూర్యాపేటల, మిర్యాలగూడల పెండ్లిళ్ళకు ఆయన్నే పిలుస్తున్నరు."

"కండ్లతోని సూసినంకనే మాటిస్త," అన్నది పుష్పాబాయి.

అట్లా ఇద్దరూ పాలకీడు దిక్కు నుంచి బస్సెక్కి వచ్చి, హుజూర్‌నగర్ బస్టాండు ఎదురుగా నగేష్ చాయ్ బండి దగ్గర బెంచీ మీద కూర్చున్నారు. కాసేపటికి జవహర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. నల్లద్దాలు నెత్తి మీదికి నెట్టుకొని, భుజానికి సంచి తగిలించుకొని ఉన్నాడు. ఒకప్పుడు ఆయనకు స్టూడియో ఉండేది, సెల్‌ఫోన్లు వచ్చాక మూతపడింది. కూర్చున్నాడు గానీ సంచి జిప్పు తియ్యలేదు. దాని మీద చెయ్యి వేసి పెట్టుకున్నాడు. పుష్పాబాయి మొట్టమొదట చూసింది ఆ చేతినే.

"చెల్లె, ముందుగాల నా కెమెరా డబ్బా సంగతి ఇను," అని మొదలుపెట్టాడు జవహర్. "అనంతగిరిల ఒక పెండ్లి. సరిగ్గ తాళి కట్టే టయానికి కరెంటు పాయె. జనరేటర్ దగ్గి దగ్గి ఆగిపాయె. వీడియో తీసేటాయన లైటు ఆరిపాయె, ఫోన్లల్ల చార్జింగ్ ఖతం. అందరు పరేషాన్. నేనొక్కన్నే ముందుకు పోయి కొట్టిన. టక్కుమన్నది, డబ్బా నోట్లకెళ్ళి తెల్లముక్క బయటికొచ్చింది. పట్టుకొని నిలవడితే, మంచులకెళ్ళి మనిషి నడిసొచ్చినట్టు మెల్లగ పిల్ల మొకం తేలింది. ఆ పెండ్లికొడుకు ముక్కను సూసుకుంట తాళి కట్టుడే మర్సిండు!"

"గింతవరకైతే నమ్మొచ్చు," అన్నాడు నగేష్ చాయ్ వడగడుతూ.

పుష్పాబాయికీ అది నమ్మబుద్ధే అయింది. కానీ ఆ చెయ్యి సంచి మీది నుంచి ఎందుకు కదలడం లేదు? లోపల కెమెరా ఉందా, లేక ఉత్త సంచేనా?

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా?" జవహర్ చాయ్ గ్లాసు అందుకున్నాడు. "ఆ ఊర్ల భిక్షపతి అని గొర్లకాపరి. అన్నా, నా పొట్టేలును గూడ ఒకటి కొట్టు అని కాళ్ళ మీద పడ్డంత పని జేసిండు. సరే అని కొట్టిన. ఆ ముక్క తీస్కపోయి పొట్టేలుకే సూపెట్టిండు. అది ఎదురుంగ ఇంకో పొట్టేలున్నదనుకొని, ఎనకకు పోయి, ఉరికొచ్చి, ఒక్క కుమ్ము కుమ్మింది."

"ఫోటో చినిగిందా?" అన్నాడు రెడ్యా.

"ఫోటో ఎందుకు చినుగుతది? ఫోటోల పొట్టేలు గూడ కుమ్మింది గదా! అసలు దానికే కొమ్ము ఇరిగింది."

నగేష్ చేతిలో గిన్నె తొణికి చాయ్ బండి మీద పడింది. రెడ్యా నవ్వాడు. పుష్పాబాయి నవ్వలేదు. పెండ్లి పని అప్పజెప్పాల్సిన మనిషి నోటి నుంచి వస్తున్న మాటలివి.

"గది ఇడ్సిపెట్టు, అది చిన్న ముచ్చట," జవహర్ వేగం పెంచాడు. "ఇగ అదే మందల ఒక సూడి గొర్రెను కొట్టిన. ఫోటో తేలే లోపల ఫోటోల గొర్రె ఈనింది! ముక్క మీద తల్లి, పక్కన రెండు పిల్లలు. గొర్రె నాది గాబట్టి పిల్లలు నాయే అంటడు భిక్షపతి. ఫోటో నాది గాబట్టి పిల్లలు నాయే అంట నేను. పెద్దమనుషులల్ల పంచాయితీ అయ్యి, చెరొకటి అని తేల్చిన్రు."

"నీ పిల్ల ఏడున్నది మరి?" అన్నాడు నగేష్.

"ఫోటో లోపల్నే మేస్తున్నది. పెద్దగైనంక బయటికి తీస్త."

"జర ఆగన్నా," అన్నది పుష్పాబాయి. "డబ్బా సూపెట్టు."

"సూపెడ్త చెల్లె, సూపెట్టక యాడికి పోత? ఒక్కటి ఇను. కాల్వకు నీళ్ళు ఇడ్వని ఏడు గుర్తున్నదా? పాలకీడు దిక్కు నార్లన్ని ఎండుతున్నయ్. నేను బండి మీద పోతున్న. ఆకాశంల ఒక్క మబ్బున్నది, అది గూడ ఎళ్ళిపోయేటట్టున్నది. డబ్బా తీసి కొట్టిన. ముక్క వచ్చింది, పట్టుకుంటే తడి! తువ్వాల పిండినట్టు పిండిన. ఒక మడి నిండి పక్క మడికి పారింది. రైతులు నన్ను భుజాల మీద ఎక్కించుకొని ఊరంత తిప్పిన్రు."

"మాది పాలకీడు దిక్కే," అన్నది పుష్పాబాయి. "ఆ ఏడు మా నారు మొత్తం ఎండిపోయింది."

జవహర్ చాయ్ ఒక గుక్క తాగి, తడుముకోకుండా అన్నాడు. "మీ తండా దాక రాలేదు చెల్లె. ఫోటో ముక్క చిన్నది గదా."

ఈసారి రెడ్యా కడుపు పట్టుకొని నవ్వాడు. పక్కన ఆటో కోసం నిలబడ్డవాళ్ళు కూడా దగ్గరికి జరిగారు. వినేవాళ్ళు పెరిగేసరికి జవహర్‌కు ఊపొచ్చింది. నల్లద్దాలు తీసి చేత్తో పట్టుకొని, గొంతు తగ్గించాడు.

"ఇప్పుడు చెప్పేది నవ్వే ముచ్చట గాదు. మిర్యాలగూడల నాంచారమ్మ అని ఒకామె ఉన్నది. మొగుడు పోయి ఏండ్లైంది. మనుమరాలి పెండ్లిల ఒక్కతే కుర్సీల కూసున్నది, పక్క కుర్సీ ఖాళీ. కొట్టిన. ముక్క తేలుతున్నది, తేలుతున్నది... పక్క కుర్సీల మొగుడు! తెల్ల రుమాలు సుట్టుకొని, పెండ్లాం దిక్కు సూసి నవ్వుకుంట కూసున్నడు. ఆమె ఆ ముక్కను గుండెకు అదుముకొని ఏడ్సింది చెల్లె. అందరం ఏడ్సినం."

రెడ్యా చేతిలో గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. వదిన మొహం వైపు చూడడానికి అతనికి ధైర్యం చాలలేదు. మంగ్త్యా సంగతి జవహర్‌కు తెలియదు. తెలిసి ఉంటే ఆ మాట అనేవాడు కాదేమో.

పొట్టేలు అబద్ధమని పుష్పాబాయికి తెలుసు. మబ్బు అబద్ధమని తెలుసు. ఇదీ అబద్ధమేనని తెలుసు. అయినా ఒక్క రెప్పపాటు ఆమె మనసు ఆ ఖాళీ కుర్చీ దగ్గరికి పోయి నిలబడింది. నిజమైతే బాగుండునని అనుకుంది. అట్లా అనుకున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఆమె మొగుడు ఏ దిక్కు కూసున్నడు?" అని అడిగింది.

"ఎడమ దిక్కు."

"రుమాలు ఏ రంగుది?"

"ఎర్రది. జరీ అంచు..."

"ఇప్పుడే గదన్నా తెల్లదన్నవ్!" అన్నాడు నగేష్.

"తెల్లదే. తేలేటప్పుడు జర ఎర్రగ..."

పుష్పాబాయి బెంచీ మీద ఒక పక్కకు జరిగింది. ఎడమ వైపు మనిషి పట్టేంత జాగా విడిచింది. కొంగు సవరించుకొని నిటారుగా కూర్చున్నది.

"నా మొగుని పేరు మంగ్త్యా. పోయిండు. ఇద్దరం కలిసి దిగిన ఫోటో మా ఇంట్ల లేదు. ఇగో, జాగ ఇడ్సిన. కొట్టు."

జవహర్ ఆకాశం వైపు చూశాడు. "చెల్లె, ఇప్పుడు ఎండ జర..."

"ఎండల ఫోటో రాదా?"

"వస్తది. కానీ..."

"సంచిల కెమెరా ఉన్నదా, లేదా?"

జవహర్ జిప్పు తీశాడు. కెమెరా ఉంది. లేత నీలం రంగుది, పిల్లలు ఆడుకునే బొమ్మలాగా ఉంది. దాన్ని కంటికి ఆనించుకొని నొక్కాడు. చిన్న చప్పుడైంది. పై నుంచి తెల్లముక్క బయటికి వచ్చింది.

చుట్టూ ఉన్నవాళ్ళంతా దాని మీదికి వంగారు. మొదట ఏమీ లేదు. తర్వాత చాయ్ బండి గొడుగు నీడ తేలింది. బెంచీ తేలింది. పుష్పాబాయి చీర రంగు, ఒళ్ళో పెట్టుకున్న చేతులు, ఆ పైన నెరిసిన జుట్టు, ముడుచుకున్న కనుబొమలు, ఎదుటివాణ్ణి నమ్మని ఆ చూపు, అన్నీ ఒక్కొక్కటే వచ్చి కుదురుకున్నాయి. ఆమె పక్కన బెంచీ ఖాళీగా ఉంది.

పుష్పాబాయి చాలాసేపు చూసింది. జవహర్ నేల చూపులు చూస్తూ, ఎవరికీ వినపడనంత మెల్లగా అన్నాడు. "ఒక్కోపారి జర ఆలస్యంగ వస్తరు చెల్లె. ఇంటికి పోయి సూడు..."

రెడ్యా లేచి ఆయన అంగీ పట్టుకోబోయాడు. పుష్పాబాయి మరిది చెయ్యి పట్టి ఆపింది.

"ఉండు రెడ్యా. డబ్బా అబద్ధమాడలే గదా. జాగ ఖాళీగున్నది, ఖాళీగనే సూపెట్టింది. నేనున్న, నన్ను సూపెట్టింది. అదిగూడ నా చేతిలనే ఉన్నది, ఏ కంప్యూటర్ల పడి పోలే." ముక్కను అంచులు పట్టుకొని కొంగులో పెట్టుకుంది. తర్వాత జవహర్ వైపు తిరిగింది. "అన్నా, పెండ్లికి రా. నా బిడ్డ పక్కన ఎవరుంటే వాళ్ళనే తియ్యి. తీసిన ముక్క తీసినట్టు నా చేతుల పెట్టు. డబ్బా మాత్రం మర్సిపోకు. నోరు గీడ నగేష్ దగ్గర పెట్టి రా."

జవహర్ తల ఊపాడు.

నగేష్ గ్లాసులు కడుగుతూ తలెత్తాడు. "వద్దక్కా, వద్దు. గంత పెద్ద సామాను పెట్టెటందుకు నా బండి సాలదు."